రెండోసారి వచ్చిన గుర్రం

దాలినాయుడుగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ఏదైనా అడిగితే సమాధానం చెప్పరు, చెప్పులేసుకుంటారు. పశువుల ఆసుపత్రిలో రిటైరై ఆరేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఆ మన్యంలో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ తరచూ కాళ్లు నొప్పి పుట్టేది అందుకే.

ఆ పొద్దున అడిగింది హైమవతి. ఆయన కూర్చున్న కుర్చీలో ఇప్పుడు ఆమే డాక్టరు. రోడ్డు లేని కొండ ఊళ్లకు బియ్యం, ఉప్పు మోసే గుర్రాలకు ధనుర్వాతం రాకుండా మూడేళ్లుగా సూదులు వేస్తోంది. ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగాయి, మనసు అంతకన్నా అరిగింది. జబ్బు తగ్గించిన డాక్టరుకు వంగి దండాలు పెట్టే జనం, జబ్బు రాకుండా చేసిన డాక్టరును చూస్తే గుర్రాన్ని కాఫీ తోటల్లో దాచేవారు.

"సూది వేస్తే జబ్బు రాదు గురువుగారూ. వేయకపోయినా చాలా గుర్రాలకు రాదు. ఒకటి వేశామో వదిలేశామో ఎవరికి తెలుస్తుంది? ఈ చాకిరీ అంతా ఎందుకండీ?" అంది.

ఆయన చెప్పులేసుకున్నారు. "కొర్రా లచ్చన్న గుర్రం మేత ముట్టడం లేదట. పదమ్మా."

రెండు గంటలు ఎక్కారు. లచ్చన్న నిరుడే ఆ గుర్రాన్ని కొన్నాడు. అది మోస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అతను లోపలికి వెలుగు పడకుండా పాక గుమ్మానికి గోనెపట్టా కట్టి, బయటే గొంతుక్కూర్చుని ఉన్నాడు.

లోపల గుర్రం నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి మంచంకోళ్లలా బిగదీసుకుని నిలబడి ఉంది. చెవులు నిక్కి ఉన్నాయి. దవడ కరుచుకుపోయింది. వెనకే వచ్చిన లచ్చన్న చేతిలో నీళ్ల బిందె చిన్నగా చప్పుడు చేస్తే దాని ఒళ్లంతా వణికిపోయింది. వెనక డెక్కలో మేకు దిగిన గాయం, పది రోజుల నాటిది.

హైమవతికి అర్థం కాలేదు. "ఇది ధనుర్వాతమే. కానీ దీనికి రెండు సూదులూ వేశానే! నా చేత్తోనే వేశాను" అంది.

లచ్చన్న బావురుమన్నాడు. "తప్పయిపోనాది బాబూ. మొదటి సూదికి దీని మెడ వాసి రెండు సంతలు పోనాయి. రెండో సూది పడ్డట్టు సీటీ నేకపోతే రేషను మూటలు ఎత్తనివ్వరు. అందుకని అప్పుడే సూది పడ్డ మా అన్న గుర్రాన్నే దీని గంట కట్టి రెండోతూరి తోలుకొచ్చినాను. అదీ ఎర్రదే గదా." కళ్లు తుడుచుకుని, "డాక్టరమ్మ దాని మెడమీద సెయ్యెట్టి సూసినాది కూడాను. ఏటీ అన్నేదు" అన్నాడు.

నిష్ఠూరానికి అన్న మాట కాదది. జరిగింది జరిగినట్టు చెప్పాడు, అంతే. కానీ హైమవతికి రెండో సూది వేసిన ఆ సాయంత్రం కళ్ల ముందు నిలిచింది. ఇంకా ఏడు గుర్రాలు మిగిలి ఉన్నాయి, కొండ దిగాలి, నడుం పడిపోతోంది. ఎర్ర గుర్రం మెడ తడిమితే, సూదికి ముందు తుడిచే స్పిరిట్ తడి ఇంకా ఆరలేదు. వేళ్లకు తగిలింది కూడా. పోనీలే అనుకుంది. ఆ తడి మీదనే సూది దించి, చీటీ మీద సంతకం చేసింది. ఇప్పుడు సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

దాలినాయుడుగారు మందు ఎక్కించారు, గాయం కడిగారు, గుర్రం చెవుల్లో దూది పెట్టారు. ముసలి చేతులు, పని నెమ్మదిగా సాగింది.

"బతుకుతాదా బాబూ?" అన్నాడు లచ్చన్న.

"కూలబడకుండా నిలబడితే చూద్దాం."

"గురువుగారూ, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టింది హైమవతి. ఆ గొంతుకే గుర్రం నిలువెల్లా కొట్టుకుంది. ఆయన చెయ్యెత్తి ఆమెను ఆపారు. వణుకు తగ్గేదాకా ఆగి, వినీవినపడనట్టు అన్నారు.

"ఎవరికి తెలుస్తుందని అడిగావు కదమ్మా. దీనికి తెలిసింది."