గంటకో చుక్క

కొత్తగరువులో బెండి గవరయ్య ఇంటివాళ్ళకి ఒక గొప్ప ఉంది. ఊళ్ళో మిగతావాళ్ళు ఒక మాట వింటే మరో మాట అనుకుంటారట. వీళ్ళు మాత్రం చెప్పింది చెప్పినట్టే అర్థం చేసుకుంటారట. గవరయ్య, అతని పెళ్ళాం పైడితల్లి, తమ్ముడు సూరప్పడు, ముగ్గురూ అన్నాలకి కూర్చున్నప్పుడల్లా ఈ సంగతే చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు.

"మనకింత తెలివి ఎక్కణ్ణించి వచ్చిందంటావు?" అనేది పైడితల్లి.

"నేను చూళ్ళేదే. మనం పడుకున్నప్పుడు వచ్చుంటుంది" అనేవాడు గవరయ్య.

ఒకనాడు పొద్దున్నే లేచేసరికి సూరప్పడి కుడికన్ను ఎర్రగా అయిపోయింది. పుసి లేదు, దురద లేదు. లోపల ఒకటే పోటు. వెలుతురు వంక చూడలేడు. పక్కింటి ముసలాయన చూసి, "అయ్యో, కంట్లో నిప్పులు పోసినట్టుందిరా!" అన్నాడు.

అంతే. గవరయ్య పరిగెత్తి కడివెడు నీళ్ళు తెచ్చి తమ్ముడి నెత్తిన గుమ్మరించాడు. నిప్పు ఆరలేదు. ఇంకో కడివెడు పోశాడు.

సూరప్పడు గడగడా వణుకుతూ, "అన్నయ్యా, నిప్పు అలాగే ఉంది. పైగా చలి కూడా వచ్చింది" అన్నాడు.

ఇక లాభం లేదని టౌన్లో కంటాసుపత్రికి బయల్దేరారు. డాక్టరమ్మ దగ్గరికి మాసిన మొహంతో వెళ్తే బాగుండదని, దారిలో మంగలి చేత తమ్ముడికి నున్నగా గీయించాడు గవరయ్య.

డాక్టరమ్మ గదిలో బల్లమీద ఒక దీపాల మిషను ఉంది. ఆవిడ దాని అవతల కూర్చుని, "గడ్డం ఇక్కడ పెట్టు బాబూ" అంది.

అన్నదమ్ములు తెల్లబోయారు. "అయ్యో, ఇప్పుడేగదమ్మా తీయించేశాం! ఉండండి, చిటికెలో తెస్తాను" అని గవరయ్య ఉరికాడు. మంగలి ఊడ్చిపోసిన కుప్పలోంచి ఏరి, తువ్వాల్లో మూటకట్టి తెచ్చి, మిషను మీద కుమ్మరించాడు. "తెల్లవెంట్రుకలు మావాడివి కావమ్మా. ఎవరివో కలిసిపోయాయి."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని మిషను తుడిపించింది. సూరప్పడి చుబుకం తనే పట్టుకుని దానిమీద ఆనించి, చాలాసేపు కంట్లోకి చూసింది. చూసేకొద్దీ ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

"ఇది మామూలు కళ్ళకలక కాదు. నల్లగుడ్డు వెనకాల పొర వాచింది. అశ్రద్ధ చేస్తే చూపు పోతుంది."

"ఎక్కడికి పోతుందమ్మా?" అన్నాడు గవరయ్య.

"ఎక్కడికైతేనేం, మళ్ళీ రాదు."

ఆవిడ ఒక చిన్న సీసా గవరయ్య చేతిలో పెట్టి, "బాగా ఊపి, గంటకో చుక్క వెయ్యండి. మానొద్దు" అంది.

ఇంటికి రాగానే పైడితల్లి అటకమీది పాత ఉయ్యాల దింపింది. సీసాని అందులో పడుకోబెట్టి, జోల పాడుతూ చేతులు పడిపోయేదాకా ఊపింది. తరవాత గవరయ్య పెరట్లోకెళ్ళి, ఎద్దు మెడలో గంట ఒడిసిపట్టుకుని దానిమీద జాగ్రత్తగా ఒక చుక్క వేశాడు.

"మరి నా కంటికో?" అన్నాడు సూరప్పడు.

"ఆవిడ గంటకంది. కంటికన్లేదు. మనకి సొంత పైత్యాలు వద్దు."

సాయంత్రానికి పోటు ఎక్కువైంది. ఒక్క గంట సరిపోలేదనుకున్నాడు గవరయ్య. ఇంకేముంది! బడిగంటకో చుక్క, గుడిగంటకో చుక్క, ఐసుబండి వాణ్ణి ఆపి వాడి గంటకో చుక్క. సీసా ఖాళీ. ఊళ్ళో గంటలన్నీ నిగనిగలాడుతున్నాయి. సూరప్పడు మాత్రం వదిన్ని చూసి "ఎవరండీ మీరు?" అంటున్నాడు. అన్నీ మసకమసకట.

గవరయ్య తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు.

"మందు వేశారా?" అంది డాక్టరమ్మ.

"ఒక్క గంటని కూడా వదల్లేదమ్మా. అన్నీ బాగా మోగుతున్నాయి."

సంగతంతా విని ఆవిడ తల పట్టుకుంది. ఇక వీళ్ళని నమ్మి లాభం లేదని సూరప్పణ్ణి ఆసుపత్రిలోనే ఉంచేసింది. నర్సే వేళకి మందు వేసేది. గవరయ్య వరండాలో కూర్చుని లేవలేదు, అన్నం ముట్టలేదు. వచ్చేపోయేవాళ్ళని ఆపి, "మా తమ్ముడి చూపు ఇటుగా పోతూ కనపడిందా బాబూ?" అని అడిగేవాడు. కొందరు నవ్వేవాళ్ళు. అతని మొహం చూసి కొందరు నవ్వలేకపోయేవాళ్ళు.

ఒక ఉదయం సూరప్పడు మంచం మీంచి తేరిపార చూసి, "అన్నయ్యా, చొక్కా తిరగేసి తొడుక్కున్నావేంటి?" అన్నాడు. గవరయ్య ఆ చొక్కాతోనే కళ్ళు తుడుచుకుని, "వచ్చేసిందమ్మా, చూపు వచ్చేసింది!" అని వార్డంతా వినపడేలా కేకపెట్టాడు.

పంపించేటప్పుడు డాక్టరమ్మ ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పింది. "మందు ఉన్నట్టుండి ఆపొద్దు. నర్సు రోజూ మీ ఊరొచ్చి వేస్తుంది, మీరు సీసా ముట్టుకోవద్దు. ఇది తిరగబెట్టే జబ్బు. మళ్ళీ ఎర్రబడితే ఇంకేం ఆలోచించకుండా కళ్ళు మూసుకుని ఇక్కడికి వచ్చెయ్యండి."

కొన్నాళ్ళకి పొయ్యి పొగ తగిలి సూరప్పడి కన్ను కాస్త ఎర్రబడింది. అంతే, అన్నదమ్ములిద్దరూ గట్టిగా కళ్ళు మూసుకున్నారు. "నువ్వు ఇల్లు చూసుకో. డాక్టరమ్మ అందరికీ చెప్పింది, నువ్వూ కళ్ళు మూసుకో" అన్నాడు గవరయ్య. పైడితల్లి కళ్ళు మూసుకుని ఇల్లు చూసుకోసాగింది.

ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని పోతుంటే, ఎదురుగా వస్తున్న బండివాడు "గోతిలో పడతార్రా, వెనక్కి తిరగండి!" అని అరిచాడు. వెనక్కి తిరిగారు. తిరిగినవాళ్ళు తిన్నగా నడిచి నడిచి ఒక గుమ్మం తగిలితే తలుపు కొట్టారు.

"ఎవరు కావాలండీ?" అంది పైడితల్లి లోపల్నించి. గొంతు తన మొగుడి గొంతులాగే ఉంది. కానీ ఆయన ఆసుపత్రికి వెళ్ళాడు కదా, కాబట్టి ఆయన కాదు.

"డాక్టరమ్మగారు కావాలి."

"ఆవిడ ఇక్కడ లేరండీ. అరుగుమీద కూర్చోండి, మంచినీళ్ళిస్తాను."

ఇద్దరూ కూర్చుని చెంబెడు నీళ్ళు తాగారు. గవరయ్య తృప్తిగా మూతి తుడుచుకున్నాడు.

"ఆసుపత్రి బాగుపడిందిరా తమ్ముడూ! నీళ్ళు అచ్చం మనింటి కుండలో నీళ్ళలాగే ఉన్నాయి. ఆ నర్సమ్మ కూడా ఎంత మంచిదో! మీ వదినకి ఇంత మర్యాద ఎప్పుడొస్తుందో ఏమో."