పొట్టేలు నాటకం

తెర లేదు, రంగు లేదు, కిరీటం లేదు. కుమ్మరివీధి వాళ్ల ఈ కొత్తరకం నాటకం మీద కొత్వాలు భుజంగరావుకు మొదట్నుంచీ అనుమానమే. చూసేవాళ్లెవరైనా "తప్పు!" అని లేవొచ్చట, లేచినవాడే ఆ ఘట్టం సరిగ్గా ఆడి చూపాలట. దీని వెనక ఏదో కుట్ర ఉంది!

అందుకే గొంగడి కప్పుకుని, గొర్రెల కాపరిలా వచ్చి జనంలో కూర్చున్నాడు.

ఆనాటి కథ, వీధిలో మాయమైన పొట్టేలు గురించి. కొత్వాలు గొంగడిని ముఖం మీదికి లాక్కున్నాడు. దాన్ని ఎత్తుకుపోయింది తనే. నేరం మోపి చెరసాలలో పెట్టింది ఈ నాటకం ఆడించే ఎర్రక్క తమ్ముణ్ణి. వీళ్లకు తెలిసిపోయిందా? చుట్టూ మొహాలన్నీ వెతికాడు. ఒక్కరూ తనవైపు చూడటం లేదు. అదీ అనుమానంగానే ఉంది.

ఎర్రక్కే దొంగగా గోడ దూకింది. పొట్టేలుగా వంగిన ఆమె మొగుడు ఒక్క పోటు పొడిచాడు. దొంగ బోర్లాపడి, "చచ్చాన్రో, వదిలెయ్ తండ్రీ!" అంటూ పొట్టేలు కాళ్లు పట్టుకున్నాడు. వీధంతా పగలబడి నవ్వింది.

కొత్వాలుకు ఒళ్లు మండిపోయింది. గొంగడి విసిరేసి లేచాడు.

"తప్పు! అది నన్ను పొడవనే లేదు. ఒంటిచేత్తో ఎత్తి భుజాన వేసుకున్నాను!"

వీధంతా ఒక్కసారిగా అతనివైపు తిరిగింది.

ఎర్రక్క మట్టి దులుపుకుని దణ్ణం పెట్టింది. "అయితే తమరే ఆడి చూపండి దొరా. పొట్టేలును ఎక్కడ దించారో అక్కడిదాకా మేమంతా వెనకే వస్తాం. దారిలో చెరసాల దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. తమరి వేషం ఇన్నాళ్లూ మా తమ్ముడే వేస్తున్నాడు."