కూర్చున్నయ్య కొండ

పూర్వం చిత్రావతీ తీరాన, ఎర్రమట్టి చేల నడుమ ఒంటరిగా లేచిన ఒక చిన్న కొండ మీద చెన్నరాయస్వామి ఆయుధపాణియై, యుద్ధానికి బయలుదేరుతున్న భంగిమలో ఒక పాదం ముందుకు వేసి నిలిచి కొలువుదీరి ఉండేవాడు. ఆ స్వామి మాహాత్మ్యం తొంభై ఆరు తాటాకుల గ్రంథం. ప్రతిదినం దాన్ని ఆద్యంతం సన్నిధిలో పఠించిన తరువాతనే వండిన అన్నం నివేదించాలని ఆలయనియమం. ఆ నియమం పెట్టిన పుణ్యాత్ముడెవరో గాని, అన్నం చల్లారిపోతుందన్న సంగతి ఆలోచించినట్టు లేదు. అందుచేత ఆ పఠనం వృత్తిగా గల వంశంలో తాత తొందరపడ్డాడు, తాతను మించి తండ్రి తొందరపడ్డాడు, ఆ ఇద్దరినీ తలదన్నేలా పేరిభట్లు చదివాడు.

వడపప్పు నానేలోపల ఆయన తొంభై ఆరు ఆకులూ ముగించి కట్ట బిగించేవాడు. "పేరిభట్లవారు చదివితే పులిహోర పొగలు కక్కుతూ చేతికొస్తుంది" అని భక్తజనం మెచ్చుకునేవారు. అందులో ఏముందో విన్నవాడు ఒక్కడూ లేడు. నిజం చెప్పొద్దూ, చదివినవాడికీ తెలియదు.

అంతటివాణ్ణి ఒకానొక భాద్రపదంలో సన్నిపాతజ్వరం మంచాన పడవేసింది. ఇరవై ఒక్క దినాలు లంఘనాలు చేసి, ఎముకల గూడై, ఎట్టకేలకు పథ్యం తిన్నాడు. అయితే ప్రాణం దక్కిందన్న సంతోషం ఆయనకు పూటైనా నిలవలేదు. ఆ గ్రంథం చదవగల అధికారం ఆయనకు తప్ప మరొకరికి లేదు, పఠనం లేనిదే అన్ననైవేద్యం లేదు, కనుక స్వామి ఇన్నాళ్లూ పాలతోనూ పండ్లతోనూ సరిపెట్టుకుంటున్నాడు. తన మూలాన దేవుడు పస్తున్నాడన్న బాధ పేరిభట్లను జ్వరం కన్నా ఎక్కువగా కాల్చింది. మూడవ నాడు భార్య సోమిదమ్మ కన్నుగప్పి, మెట్ల మీద పాకుతూ కొండెక్కి, గ్రంథం విప్పి, ఎప్పటి వేగంతోనే అందుకున్నాడు. ఇరవయ్యో ఆకు దగ్గర గొంతు పూడుకుపోయి కుప్పకూలాడు. జ్వరం తిరగబెట్టింది.

మరి తొమ్మిది దినాలకు గాని ఆయన కళ్లు తెరవలేదు. వైద్యుడు నంజుండయ్య నాడి చూసి, "భట్లయ్యా, ఇంకోసారి ఇట్లా చేస్తే నన్ను పిలవొద్దు, నలుగురిని పిలుచుకోండి" అన్నాడు. చదవకపోతే ఈయన దిగులుతో పోతాడు, చదివితే ఆయాసంతో పోతాడు, ఏం చేసేదని సోమిదమ్మ కన్నీళ్లు పెట్టుకోగా, నంజుండయ్య "రోజుకు ఒక్క ఆకు. రెండో ఆకు అపథ్యం" అని తేల్చాడు.

సోమిదమ్మ గ్రంథాన్ని ఇంటికి తెప్పించి, కట్టిన దారం విప్పి, తొంభై ఆరు ఆకులనూ ఊరగాయల గదిలో పెట్టి, తాళంచెవి మొలలో దోపుకుంది. ప్రతి ఉదయం భర్తను కొండ మొదట తమ ఇంటి ముందున్న వాలు బండకు చేరగిలబెట్టి, ఒక్క ఆకు చేతికిచ్చేది. మొదటినాడు ఆయన అలవాటుకొద్దీ రెప్పపాటులో ఆకు ముగించి మరొకటి అడిగాడు. "చదివిందే మళ్లీ చదవండి, ఎవరొద్దన్నారు? లేదా గమ్మున కళ్లు మూసుకోండి" అని ఆవిడ జావ కాచడానికి లోపలికి వెళ్లిపోయింది. చేసేదిలేక ఆయన మళ్లీ చదివాడు. ఊపిరి చాలక మాటమాటకూ ఆగాడు. ఆగినచోటల్లా అర్థం కనబడింది. ఏడవ ఆకులో చెట్ల పేర్లున్నాయి, తలెత్తి చూస్తే అవన్నీ ఎదుట కొండ మీద ఉన్నాయి. పద్నాలుగవ ఆకులో స్వామి ఒక మునితో పరాచికమాడాడు. "ఏమే, విన్నావా! ఈయనకింత వేళాకోళముందని నాకిన్నాళ్లూ తెలియలేదే!" అని పేరిభట్లు పకపకా నవ్వాడు. మధ్యాహ్నపు నీడలో కునుకు తీసి, లేచి, అదే ఆకు మళ్లీ చదువుకునేవాడు. అంత హాయి ఆయన పుట్టి బుద్ధెరిగి ఎరగడు. అయినా నైవేద్యపు వేళ కాగానే మనసు కలుక్కుమనేది.

నలభై ఒకటవ ఆకులో, రాక్షసులతో పోరి అలసిన స్వామి ఒక కుమ్మరి ఇల్లాలి గడపలో నిలిచి దాహమడిగాడు. ఆమె, "నిలబడి తాగకు నాయనా, కూర్చో" అంది. "అమ్మా, నన్ను పొగిడినవాళ్లున్నారు, వరాలడిగినవాళ్లున్నారు. కూర్చోమన్నది నువ్వొక్కతెవే" అన్నాడు స్వామి. అంతలో ఎక్కడో ఆర్తనాదం వినబడి, కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

ఈ మాటలను వేలసార్లు పలికిన పేరిభట్లు నాడు మొదటిసారి విన్నాడు. విని వెక్కివెక్కి ఏడ్చాడు. కొండవైపు తిరిగి చేతులు జోడించి, "తండ్రీ, మూడు తరాలుగా నిన్ను నిలబెట్టి, ఆకలితో ఉంచి, నీ కథే నీకు గడగడా అప్పజెప్పాం. ఇక చాలు. ముందు అన్నం తిను, కూర్చుని తిను. కథ తరువాత చెబుతాను. నాకేం తొందర లేదు, వైద్యుడు వద్దన్నాడు" అన్నాడు.

లోపలనుంచి విన్న సోమిదమ్మ మరి ఆలోచించలేదు. పొయ్యి మీద ఉన్నది శొంఠి వేసిన పాతబియ్యపు జావే. దాన్నే కొత్తకుండలో పోసి కొండెక్కింది. పఠనం కాకుండా నివేదిస్తే ఊరికి అరిష్టమని అర్చకుడు అడ్డుచెప్పాడు. "ఆకలిగొన్నవాడికి పెడితే అరిష్టమా? ఉంటే నా మీద పడనీ, పెట్టవయ్యా!" అని ఆ ఇల్లాలు గద్దించగా, ఆయన కళ్లు మూసుకుని నివేదించి తలుపులు వేశాడు.

మరునాడు ఉదయం తలుపులు తెరిచిన అర్చకుని కేకకు ఊరు ఊరంతా కొండెక్కింది. స్వామి ఆయుధాలను గోడకు చేరవేసి, ఎడమకాలు మడిచి, కథ వినేవాడిలా తల ఒక పక్కకు వంచి, హాయిగా కూర్చుని ఉన్నాడు. కుండ ఖాళీగా ఉంది.

నాటినుంచి అది కూర్చున్నయ్య కొండ అయింది. నేటికీ అక్కడ మొదటి నైవేద్యం శొంఠిజావ, ఆ తరువాతే పఠనం, అదీ ఒక్క ఆకు. జ్వరాలనుంచి లేచినవారు వచ్చి ఆ వాలు బండకు ఆనుకుని, తమకు నచ్చిన పుస్తకం చదువుకుంటూ దినాలు గడుపుతారు. ఎప్పుడు లేస్తావని ఎవరూ అడగరు.

పేరిభట్లు పూర్ణారోగ్యవంతుడై తొంభై ఆరవ ఆకుకు చేరిన నాడు, చివరి వాక్యం ముందు ఆగి, ఆకు కట్టలో పెట్టి, మరునాడు మొదటి ఆకు అందుకున్నాడట. కథ అయిపోతే అయ్య లేచి వెళ్లిపోతాడేమోనని ఆయన భయం. ఆ వాక్యాన్ని నాటినుంచి నేటిదాకా ఎవరూ చదవలేదు. అందులో ఏముందో ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న తొందరా ఎవరికీ లేదు.