కొయ్యకోడి కూసిన లెక్క

తుమ్మెదకోట రాజుగారికి కీలు తిప్పితే కదిలే వస్తువంటే చచ్చేంత ఇష్టం. కొయ్యగుర్రం తల ఊపితే చాలు, పక్కన మంత్రి మొత్తుకుంటున్నా ఆయన చెవికెక్కదు. ఆ సంగతి తెలిసే యంత్రశేఖరుడనే పండితుడు ఒక కొయ్యకోడిపుంజును పల్లకీలో కూర్చోబెట్టి, తాను పక్కన నడుస్తూ కొలువుకు వచ్చాడు.

ఆ కోటలో నౌకర్లందరికీ మందుల హుండీలుండేవి. జబ్బు చేస్తే అక్కరకొస్తుందని ఖజానావాళ్లు ప్రతినెలా జీతంలోంచి కొంత కోసి అందులో వేసేవారు. ఇష్టమైతే ఇంటి నుంచి తెచ్చి కూడా వేసుకోవచ్చు. ఆ సొమ్ముకు పన్ను లేదు. కాకపోతే ఏడాదికి పన్నెండు వరహాలు దాటకూడదు. దాటిందా, హుండీ జప్తే!

"ఈ లెక్క ఇకమీదట నా కోడి చూసుకుంటుంది మహాప్రభో!" అన్నాడు యంత్రశేఖరుడు మీసం దువ్వుకుంటూ. "ఖజానా వేసినదానికి ఎడమ గిన్నెలో గింజలు. మనిషి వేసినదానికి కుడి గిన్నెలో గింజలు. రెండూ కలిసి హద్దు దాటితే కోడి కూస్తుంది."

రాజుగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. "ఇది తప్పు కూసిందని చూపించినవాళ్లకు కోరింది ఇస్తాం!"

మొదటి వంతు ఏనుగుల మావటి ఓబన్నది. పాపం, కళ్లకు పొరలు కమ్మి, ఏనుగు తొండమేదో తోకేదో తడిమి చూసుకునే స్థితిలో ఉన్నాడు. ఊళ్లోకి వచ్చిన కంటివైద్యుడు మర్నాడే వెళ్లిపోతున్నాడు. ఓబన్న ఆశంతా ఆ హుండీ మీదే.

ఖజానా గుమాస్తా ఎడమ గిన్నెలో ఎనిమిది గింజలు వేశాడు.

"నీ హుండీలో నువ్వెంత వేశావు?" అడిగాడు యంత్రశేఖరుడు.

"ఎనిమిది వరహాలు దొరా. అంతా నా జీతమే!"

కుడి గిన్నెలో మరో ఎనిమిది పడ్డాయి. కోడి రెక్కలు టపటపలాడించి, మిట్టమధ్యాహ్నం "కొక్కొరొకో!" అని కోట అదిరేలా కూసింది. భటులు హుండీ లాక్కున్నారు.

రాజుగారికి తాంబూలాలు చుట్టి ఇచ్చే అడపకత్తె నాగలాంబకు ఇదంతా చూస్తుంటే ఒళ్లు మండిపోయింది. "ప్రభూ, ఖజానా కోసినవే ఓబన్న మావ చెప్పాడు. ఉన్నవి ఎనిమిదే. హుండీ విప్పి చూడండి!"

"హుండీకి వేసిన ముద్ర విప్పేది వైద్యుడి ఎదుటే. అది చట్టం," అన్నాడు యంత్రశేఖరుడు. "తమలపాకులకు సున్నం రాసుకునేదానివి, నీకెందుకమ్మా యంత్రాల గొడవ?"

రాజుగారు ఆ మాటలేవీ వినలేదు. కోడి తోక కిందకు దూరి కీలు వెతుక్కుంటున్నారు.

ఓబన్న తడుముకుంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పోనీలేమ్మా నాగలా. నీ కొలువు పోగొట్టుకోకు."

"నా కొలువుకేం కాదు మావా. సాయంత్రం దాకా ఓపిక పట్టు," అందామె. చెప్తే వినని మనిషికి రుచి చూపించాలని అప్పుడే అనుకుంది.

సాయంత్రం రాజుగారు రాణిగారిని వెంటబెట్టుకొచ్చి కోడిని చూపిస్తూ మురిసిపోతున్నారు. నాగలాంబ తాంబూలపు పళ్లెంతో ముందుకొచ్చింది.

"అమ్మా, ప్రభువులు రోజుకు ఐదు తాంబూలాలు దాటకూడదని రాజవైద్యుడి ఆన కదా. ఆ లెక్క కూడా కోడికే అప్పగిస్తే?"

"భేష్!" అన్నారు రాణిగారు. ఆరోది నమిలితే మర్నాడంతా కాకరరసమే అని శిక్ష వేసింది ఆవిడే. "ఏమయ్యా పండితుడా, నమ్మొచ్చా దీన్ని?"

యంత్రశేఖరుడు రొమ్ము విరుచుకున్నాడు. "మహారాజైనా సరే తల్లీ! కోడి కూసిందంటే హద్దు దాటినట్టే!"

రాజుగారికి ధైర్యంగానే ఉంది. ఆ రోజు నమిలింది మూడే. తానే కోడి మెడ దగ్గరున్న హద్దు ముల్లును ఐదు మీదికి తిప్పారు.

"నేను ఇచ్చినవి మూడు," అని నాగలాంబ ఎడమ గిన్నెలో మూడు గింజలు వేసింది. "ప్రభువులు ఎన్ని వేసుకున్నారు?"

"మూడు!" అన్నారు రాజుగారు దర్జాగా.

ఆమె వినయంగా కుడి గిన్నెలో మూడు గింజలు వేసింది.

"కొక్కొరొకో!"

"ఆరా!" రాణిగారు నడుం మీద చెయ్యేశారు. "ఎవరక్కడ? కాకరకాయలు తెప్పించండి!"

రాజుగారి ముఖం అప్పుడే చేదు తిన్నట్టయింది. "అన్యాయం! నాగల ఇచ్చినవీ నేను నమిలినవీ ఒకటే! ఉన్నవే మూడు!"

నాగలాంబ చేతులు జోడించింది.

"ఓబన్న కూడా అదే అన్నాడు ప్రభూ!"

రాజుగారు మెల్లగా యంత్రశేఖరుడి వైపు తిరిగారు.

"చెప్పవయ్యా. కోడి తప్పు కూసిందా, లేక మేం అబద్ధమాడామా?"

యంత్రశేఖరుడు గిన్నెల వైపు వేలు చూపించాడు. "కోడి... అంటే... ఇచ్చినవాటిని మళ్లీ కుడి గిన్నెలో వేయకూడదు ప్రభూ. అవి ఎడమవైపు పడిపోయాయిగా!"

"మధ్యాహ్నం ఆ ముక్క చెప్పడానికి ఏమొచ్చింది నీకు?"

ముందు నవ్వింది రాణిగారే. తర్వాత రాజుగారు పొట్ట పట్టుకున్నారు. ఇక కొలువులో ఆగినవాడెవడు! కంటివైద్యుణ్ణి పిలిపించి హుండీ ముద్ర విప్పితే సరిగ్గా ఎనిమిది వరహాలున్నాయి. ఓబన్న ఏడుస్తూ నవ్వాడు.

"కోరుకో నాగలా!" అన్నారు రాజుగారు.

"కుడి గిన్నెకు ఒక మూత ప్రభూ. ఇంటి నుంచి తెచ్చి వేసినవాళ్లు వస్తేనే తీయాలి."

"మూతా ఇస్తాం, అది బంగారంతో చేయించి నీకే అప్పగిస్తాం. మూత తీసే అధికారం ఇకనుంచి నీదే! యంత్రశేఖరా, ఆ కాకరరసం నువ్వు తాగు!"

అంటూ రాజుగారు ఆ సంబరంలో నాలుగో తాంబూలానికి చెయ్యి చాచారు. రాణిగారి కళ్లు అటు తిరగగానే గబుక్కున అన్నారు:

"ఎడమ గిన్నెలోనే వేయి తల్లీ!"