మూడో పిలుపు

1986 జూలై ఎనిమిది, మంగళవారం, పగలు పదకొండుంపావు. ఆశీర్వాదంగారి ఇంటి బైబిలు అట్టలోపల, పుట్టుకలూ పెళ్ళిళ్ళూ రాసుకునే పేజీలో, ఈ రోజూ ఈ గంటా కూడా రాసి ఉన్నాయి.

మునసబు కోర్టు మెట్లెక్కుతూ జూనియరు ప్రిస్కిల్ల తన సీనియరు ఆశీర్వాదంగారిని అడిగింది: "సార్, అబద్ధమాడకుండా ఈ నల్లకోటు వేసుకుని బతకొచ్చంటారా?"

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "కేసు పిలుస్తారు, పదమ్మా" అన్నారంతే.

ఆ రోజు వాళ్ళు చూడవలసింది తమ కక్షిదారు చెంచయ్య వేసిన దావా. రెండున్నర సెంట్ల స్థలం తనదనీ, అందులో గుడిసె వేసుకున్న ముసలామెను ఖాళీ చేయించాలనీ. ఆయన దగ్గర దస్తావేజు ఉంది. ఆమె దగ్గర ఎప్పటిదో పట్టా ఉందట. మూడుసార్లు పిలిచినా ఆమె పలక్కపోతే, ఆమె మాట వినకుండానే తీర్పు వచ్చేస్తుంది. గుడిసె పోతుంది.

బంట్రోతు గుమ్మంలో నిలబడి "పల్లెపాటి వెంకాయమ్మా!" అని కేకేశాడు. వరండాలో ఎవరూ కదల్లేదు. రెండోసారి కేకేశాడు.

ప్రిస్కిల్ల తల తిప్పి చూసింది. వరండాలో బల్ల చివర, గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని రూతమ్మ కూర్చుని ఉంది. ప్రతి ఆదివారం చర్చిలో తన ముందు చాపమీద కూర్చునే మనిషి. ఇంటిపేరు పల్లెపాటే. బాప్తిస్మంతో పేరు మారినా, అంతకుముందు ఇచ్చిన పట్టాలో పాతపేరే ఉండిపోయిందన్నమాట. ప్రిస్కిల్లకు ఆ క్షణంలో అంతా అర్థమైంది. అర్థమై కూడా ఊరుకుంది. నేను నోరే విప్పలేదు, ఇందులో అబద్ధమెక్కడుంది అని మనసుకు సర్దిచెప్పుకుంది. పక్కన చెంచయ్య చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ చిన్నగా నవ్వాడు.

ఆశీర్వాదంగారిది వేరే సంఘం; రూతమ్మను ఆయన ఎరగరు. కానీ జూనియరు చూపు ఎటు పోతోందో చూశారు.

"ఎవరమ్మా ఆవిడ?"

ప్రిస్కిల్ల ఇక దాచలేదు. "మా రూతమ్మగారు సార్. ఆవిడే... వెంకాయమ్మ."

బంట్రోతు మూడో పిలుపుకు నోరు తెరిచేలోగా ఆయన లేచి గుమ్మందాకా వెళ్ళారు. "రూతమ్మగారూ, మిమ్మల్నేనమ్మా పిలుస్తున్నది."

"నన్నా బాబూ? వెంకాయమ్మంటే ఇంకెవరో అనుకున్నాను. ఆ వెంకాయమ్మని నలభై ఏళ్ళ కిందటే పాస్టరుగారు కాలవలో ముంచేశారు గదయ్యా!"

జడ్జిగారు నవ్వు దాచుకోవడానికి కాయితాల్లోకి తల దించారు. వకీలును పెట్టుకోమని ఆమెకు నెలరోజులు వాయిదా ఇచ్చారు.

వరండాలో చెంచయ్య ఎగిరిపడ్డాడు. "ఫీజు నేనిచ్చుకోవాలి, సాయం ఆవిడకు చెయ్యాలి! బాగుందండీ మీ భక్తి."

"నీ దస్తావేజు నిజమైతే, చెంచయ్యా, ఆవిడ ఎదురుగా నిలబడినా నిజమే" అన్నారు ఆశీర్వాదంగారు.

అతను కేసుకట్ట లాక్కుని వెళ్ళిపోయాడు.

ఆశీర్వాదంగారి ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున ఆరింటికి ప్రార్థనలో, చేతిలో ఉన్న ప్రతి కేసుకూ వాది పేరూ, ప్రతివాది పేరూ పైకి చదువుతారు. ఇద్దరికోసమూ ప్రార్థిస్తారు. మర్నాడు ఆశీర్వాదంగారి భార్య సమాధానమ్మ ఎప్పటిలాగే చాప పరిచింది, పిల్లలు నిద్రమొహాలతో వచ్చి కూర్చున్నారు. రోజూ ఆ ప్రార్థనకు వచ్చే ప్రిస్కిల్లదే ఆ వారం పేర్లు చదివే వంతు. డైరీలో వెంకాయమ్మ అని ఉన్నచోట ఆమె గట్టిగా "రూతమ్మ" అని చదివింది. ఆ పక్కనే ఉన్న పేరు దగ్గర ఆగిపోయింది.

"చెంచయ్యగారు కట్ట తీసుకుపోయారుగా సార్. ఇంక మన కేసు కాదు..."

ఆశీర్వాదంగారు కళ్ళు తెరవలేదు.

"కోర్టే మూడుసార్లు పిలుస్తుందమ్మా" అన్నారు. "పిలు."