రంగెక్కని స్లైడు

ఎవరు సందేహం అడిగినా ఆచార్య వేదవల్లి వెంటనే జవాబు చెప్పరు. ఏదో ఒక పని పురమాయిస్తారు. విశాఖలోని ఆ క్యాన్సర్ పరిశోధనశాలలో కొత్తగా చేరిన రెహానాకు ఈ సంగతి మూడో వారంలో తెలిసింది.

ఆ ఉదయం రెహానా ముందు ఇద్దరు స్త్రీల రొమ్ము కణితుల స్లైడులున్నాయి. హార్మోను మాట విని జన్యువులను మేల్కొలిపే ప్రొటీన్ ఎక్కడుంటే అక్కడ గోధుమరంగు తేలేలా వాటికి రంగు వేశారు. ఒకదాంట్లో కణాలన్నీ గోధుమరంగే. రెండోదాంట్లో ఒక్క చుక్క లేదు.

"మేడమ్, కణాన్ని పెరుగు పెరుగు అని తరిమేది ఈ ప్రొటీనే కదా. మరి ఇది నిండా ఉన్న మనిషి బతుకుతుందా?" అని అడిగింది.

వేదవల్లి రెండు రిపోర్టులూ ఆమె చేతికిచ్చారు. "కింద ఆస్పత్రిలో డాక్టరుగారికి ఇచ్చి, కాసేపు అక్కడే కూర్చో."

మొదట పిలిచింది భీమిలిలో చేపలమ్మే పైడమ్మను. రంగు నిండిన స్లైడు ఆమెదే. రెహానా తలెత్తలేకపోయింది. కాని రిపోర్టు చదువుతున్న డాక్టరు ముఖం తేటపడింది. ఆపరేషను తర్వాత కొన్నేళ్ళపాటు రోజుకో మాత్ర వేసుకోవాలనీ, ఆ ప్రొటీన్‌కు హార్మోను మాట అందకుండా మాత్ర అడ్డుపడుతుందనీ చెప్పారు. పైడమ్మ ముందుకు వంగి అడిగింది.

"అయితే దాని సెవి మన సేతికి సిక్కినట్టేనా బాబూ?"

డాక్టరు నవ్వి తలూపారు. రెహానా అబ్బురంగా ఆమెను చూసింది. మూడు వారాలుగా తను పుస్తకాల్లో వెతుకుతున్నదాన్ని ఆమె ఒక్క మాటలో పట్టేసింది.

తర్వాత నీలవేణి వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు, కుట్టుపని చేస్తుంది. ఈసారి డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. అడ్డుకోవడానికి ఆ ప్రొటీనే లేదు కనుక ఆ మాత్రలు ఆమెకు పనిచెయ్యవనీ, గట్టి మందులు ఎక్కించాల్సి ఉంటుందనీ మెల్లగా చెప్పారు. నీలవేణి బెదరలేదు.

"సోమవారం నుంచి మొదలుపెట్టండి. పెళ్ళివాళ్ళ జాకెట్లు ఆదివారానికి ఇచ్చేస్తాను."

రెహానా మెట్లెక్కి పైకి వచ్చింది. "నేను తలకిందులుగా చూశాను మేడమ్. రంగు లేనామె గట్టెక్కిందనుకున్నాను."

వేదవల్లి నీలవేణి స్లైడును సూక్ష్మదర్శిని కింద పెట్టి, తన కుర్చీ ఖాళీ చేశారు.

"దీన్ని పెరగమంటున్నది ఆ ప్రొటీన్ కాదు, మరేదో ఉంది. అదేమిటో వెతుకుదాం. కూర్చో."