స్వామి చెప్పని పేరు

చింతలగిరి రాజు మల్లభూపాలుడికి పెళ్లాం బిడ్డలకన్నా పందెంకోడంటేనే ప్రాణం. దాని కాలికి బంగారు కడియం కూడా చేయించాడు. ఏం చెబుతాం, రాజుగారి కోడి! ఆ కోడి కాస్తా ఒకనాడు మాయమైంది.

మర్నాడు మఠం నుంచి విరూపయ్య స్వామి కొలువుకొచ్చి, ఆ కడియం రాజు చేతిలో పెట్టాడు.

"తప్పు చేసినవాడు నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుని, ఇది మీకిమ్మన్నాడు. కోడిని మాత్రం పులుసు పెట్టుకు తినేశాడట. పేరు అడక్కండి ప్రభూ, చెప్పనని మాటిచ్చాను."

రాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా కోడిని పులుసు పెడతాడా! ఎవడు వాడు?"

స్వామి అడ్డంగా తలూపాడు.

మంత్రి దండపాణి చివాలున లేచాడు. "రాజాజ్ఞకన్నా ఈయన మాట గొప్పదా? మఠానికి తాళం వేయించి, ఈ పూటే పొలిమేర దాటించండి ప్రభూ!"

"అలాగే కానీయండి!" అన్నాడు రాజు.

పాపం, స్వామి కమండలం అందుకున్నాడు. ముసలాయన ఈ వయసులో ఎక్కడికి పోతాడు?

విదూషకుడు కోనప్పకి జాలేసింది. ఓ అనుమానం కూడా వచ్చింది. పేరు కావాల్సినవాడు స్వామిచేత చెప్పించాలని చూస్తాడుగానీ, ఊరు దాటించాలని ఇంత తొందరపడతాడా?

"ఆగండి ప్రభూ!" అంటూ ముందుకురికాడు. "స్వామివారు మనసు మార్చుకున్నారు. ఇప్పుడే పేరు చెప్పేస్తారు!"

స్వామి బిత్తరపోయాడు. 'నేనా?' అనబోయి నోరు తెరిచాడు. అంతే! దండపాణి ఒక్క గెంతులో వచ్చి ఆయన కాళ్లమీద పడ్డాడు.

"వద్దు స్వామీ, వద్దు! చెప్పనని నాకు మాటిచ్చారుగా!"

కొలువంతా నోరెళ్లబెట్టింది. కోనప్ప వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"చూశారా ప్రభూ! స్వామివారు మాట తప్పలేదు. మంత్రిగారే ఆయనకా శ్రమ లేకుండా చేశారు."

రాజు గుడ్లురిమి చూసి, ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. "ఓరి నీ దుంపతెగ! రేపట్నుంచి తెల్లారగట్ల నా కిటికీ కింద కొక్కొరొకో అని కూసేది నువ్వేనయ్యా మంత్రీ!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి కోనప్ప మెడలో వేశాడు. స్వామి చెవిన పడ్డ మాట ఇకమీదట రాజైనా అడగకూడదని అప్పటికప్పుడే చాటింపు వేయించాడు.

తర్వాత కాస్త మెలికలు తిరుగుతూ గొంతు తగ్గించాడు. "అందరూ ఓసారి బయటికి నడవండి. నేనూ స్వామికి ఒకటి చెప్పుకోవాలి."

"నేను కూడానా ప్రభూ?" అన్నాడు కోనప్ప.

"అందరికన్నా ముందు నువ్వే!"